యువజన సంఘం స్థలం ఎవరిది: దాత మనవళ్ళదా, పంచాయతీదా, సంఘానిదా?

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివాను. వేరేవాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి నీ ప్రశ్న ముందు చిన్నగా చెప్తా. కావలి దగ్గర మీ ఊళ్ళో 1986లో ఒక పెద్దరైతు యువజన సంఘానికని 120 అంకణాల స్థలం పది రూపాయల స్టాంపు కాగితం మీద రాసిచ్చాడు, రిజిస్టర్ చేయలేదు. మీ నాన్నల తరం వాళ్ళు చందాలేసుకుని ముందు రేకుల షెడ్డు, తర్వాత స్లాబు గది కట్టుకున్నారు, పక్కన వాలీబాల్ కోర్టు ఉండాది. సంఘం సొసైటీగా రిజిస్టర్ అయింది మాత్రం 2004లో. ఇప్పుడు రామాయపట్నం పోర్టు పనులు మొదలై రేట్లు పెరిగాక దాత మనవళ్ళు వచ్చి మా తాత ఆస్తి మాకే అంటుండారు, ఇంకోపక్క పంచాయతీ వాళ్ళు ఆ గది మా రిజిస్టర్లో ఉంది మాదే అంటుండారు. ఈ భూమి సంఘానిదే అని తేల్చే చట్టం ఏదన్నా ఉందా అని నువ్వు అడిగావు.

నేను రెవెన్యూలో ఉద్యోగం చేసి రిటైర్ అయ్యాను, ఉదయగిరి, కావలి, కందుకూరు వైపు ఎక్కువ పనిచేశాను, ఇట్టాంటి సంఘాల స్థలాల గొడవలు చాలానే చూశాను. చట్టం ఉంది, కానీ ఆ చట్టం భూమిని తెచ్చి నీ చేతిలో పెట్టదు. సంఘం అనేదాన్ని సొంతంగా ఆస్తి ఉంచుకోగలిగిన ఒక మనిషి లెక్కన నిలబెట్టడం వరకే చట్టం చేస్తుంది. ఆ మనిషి పేరు మీదకి చెల్లే కాగితం రప్పించుకోవడం మీ పని. చాలా సంఘాలు ఈ రెండోది వదిలేసి, సర్టిఫికెట్ ఉందిగా అని ధైర్యంగా ఉంటాయి, అక్కడే దెబ్బ తింటాయి.

ముందు ఒక అపోహ తీసేస్తా. టైట్లింగ్ చట్టం వచ్చింది కదా దాంట్లో అప్లై చేస్తే టైటిల్, అంటే సొంత హక్కు, ఇచ్చేస్తారంట అని నీకెవరో చెప్పారని రాశావు. ఆ ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023 అక్టోబర్ 31 నుంచి అమల్లోకి వచ్చిన మాట నిజమే, 2024 జులైలో అసెంబ్లీ దాన్ని రద్దు చేసేసింది. కాబట్టి దాని పేరు చెప్పి ఎవరన్నా డబ్బులడిగితే ఇవ్వొద్దు.

నీకు పనికొచ్చేది ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001. అంతకుముందు మన కోస్తా జిల్లాల్లో 1860 నాటి పాత సెంట్రల్ చట్టం నడిచేది. ఆ పాత చట్టం కింద సొసైటీ రిజిస్టర్ అయినా దానికి సొంత అస్తిత్వం ఉన్నట్టు కాదు, ఆస్తి కమిటీ వాళ్ళలో ఉన్నట్టు భావించేవాళ్ళు, 1962లో ఢిల్లీ టిబ్బియా కాలేజీ కేసులో సుప్రీంకోర్టు కూడా అది బాడీ కార్పొరేట్, అంటే చట్టం దృష్టిలో ఒక మనిషి లెక్కన నిలబడే సంస్థ, కాదనే చెప్పింది. అందుకే పాత సంఘాల ఆస్తులన్నీ ఫలానా ప్రెసిడెంటు పేరునో సెక్రటరీ పేరునో ఉండి, ఆయన పోయాక ఇళ్ళ మధ్య గొడవలు వచ్చేవి. 2001 చట్టం ఈ గందరగోళాన్ని తీసేసింది. దాంట్లో 18వ సెక్షన్ చదువు, రిజిస్టర్ అయిన సొసైటీ తన పేరుతో బాడీ కార్పొరేట్ అవుతుంది, కమిటీలు మారినా సంఘం కొనసాగుతుంది, తన పేరు మీదే ఆస్తి కొనొచ్చు, ఉంచుకోవచ్చు, అమ్మొచ్చు, కోర్టులో దావా వేయొచ్చు అని స్పష్టంగా ఉంది. మీ సంఘం 2004లో ఈ చట్టం కిందే రిజిస్టర్ అయింది కాబట్టి ఈ విషయంలో మీ పునాది గట్టిదే.

ఇంకో సంగతి, నెహ్రూ యువ కేంద్రం వాళ్ళ అఫిలియేషన్ సర్టిఫికెట్ కూడా ఉందని రాశావు, సంతోషం, దాచుకోండి, సంఘం ఎన్నాళ్ళ నుంచి పనిచేస్తోందో చూపడానికి అది బాగా పనికొస్తుంది. కానీ దానివల్ల ఆస్తి హక్కు రాదు, యువతకి శిక్షణ, ఉపాధి చూసే జిల్లా సంస్థ సెట్నెల్ దగ్గర ఉన్న లిస్టులో పేరున్నా అంతే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, ఆ భూమి పుట్టుక ఏంటి. నువ్వు రాసిన దాంట్లో ఇదే లేదు. సర్వే నంబర్ రాశావు గానీ అది పట్టానా (సొంత భూమి), గ్రామకంఠమా (ఊరి ఇళ్ళ స్థలం), పోరంబోకా (ప్రభుత్వ, ఊరుమ్మడి భూమి), అసైన్డా (ప్రభుత్వం పేదలకి ఇచ్చింది) అనేది రాయలేదు, ఇది తెలియకుండా ఎవరు ఏం సలహా చెప్పినా గాల్లో మాటే. తహశీల్దార్ ఆఫీసులో ఆర్‌ఎస్‌ఆర్, అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టర్, దాని నకలు తీసుకో. వందేళ్ళ కిందటి రికార్డు అది, మన జిల్లాల్లో ఏ భూమి గొడవైనా చివరికి దాని దగ్గరికే వస్తుంది. పట్టాదారు పేరు ఉండాల్సిన కాలంలో పేరుంటే పట్టా, పోరంబోకు అని రాసుంటే అది ఏ రకం పోరంబోకో పక్కనే ఉంటుంది. కొన్నిటికి ఆ కాలంలో పేరు లేకుండా వరసగా చుక్కలు పెట్టి వదిలేసుంటారు, మనోళ్ళు చుక్కల భూములు అనేది వాటినే. వాటి కోసమే 2017లో ప్రత్యేకంగా చట్టం చేశారు, తర్వాత 2023 మే 12న అప్పటి ముఖ్యమంత్రి మీ కావలికే వచ్చి సభ పెట్టి రెండు లక్షల ఎకరాల పైచిలుకు చుక్కల భూముల్ని రిజిస్ట్రేషన్ల నిషేధ జాబితా నుంచి తీసేస్తున్నట్టు చెప్పారు. మీ సర్వే నంబర్ కూడా అట్టాంటిదేమో చూసుకో, అట్టాంటిదే అయితే దాతకే అప్పట్లో హక్కు ఉందా లేదా అన్న ప్రశ్న మొదట తేలాలి.

ఆర్‌ఎస్‌ఆర్ చూశాక ఎఫ్‌ఎంబీ స్కెచ్, అంటే ఆ సర్వే నంబర్ కొలతల పటం, తీసుకో, సబ్ డివిజన్ జరిగిందో లేదో తెలుస్తుంది. తర్వాత 1బీ (భూమి ఎవరి పేరున ఉందో చూపేది), అడంగల్ (ఎవరి అనుభవంలో ఉందో చూపేది) ప్రభుత్వ మీభూమి వెబ్‌సైట్లో చూసుకో. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే సర్టిఫికెట్, ఆన్‌లైన్లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకన్నా పాతది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్‌గా వెతికించాలి, దాత ఆ భూమిని ఎవరి దగ్గర కొన్నాడు లేదా ఎట్టా వచ్చింది అనేది దాంతో తేలుతుంది. పాత వెంకటగిరి జమీందారీ కింద ఉండిన ఊరైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం కింద రైత్వారీ పట్టా వచ్చిందా అనేది చూడాలి, ఇనాం అయితే 1956 చట్టం. కందుకూరు, కనిగిరి వైపు వాళ్ళు ఎవరన్నా ఇది చదువుతుంటే మీకో మాట, మీ తాలూకాలు 1970 వరకు నెల్లూరు జిల్లాలో ఉన్నాయి, కాబట్టి పాత రికార్డు ఒంగోల్లో దొరక్కపోతే లేదని వదిలేయొద్దు, నెల్లూరు కలెక్టరేట్ రికార్డు రూములో కూడా అడగండి.

కొలత సంగతి కూడా ఇక్కడే చెప్తా. మీ కాగితంలో 120 అంకణాలు అని ఉందంటివి. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు లెక్క 36. కాబట్టి మీది 8,640 చదరపు అడుగులు, సెంట్లలో 19.83, ఇరవైకి కాస్త తక్కువ. మీ పిటిషన్లో ఎవరో 20 సెంట్లు అని, ఇంకోచోట 22 సెంట్లు అని రాశారని చెప్పావే, అట్టా రాయొద్దు. అవతలి లాయరు ముందు పట్టుకునేది దాన్నే. సచివాలయం సర్వేయర్ చేత కొలిపించి, నాలుగు హద్దులు, అంకణాలు, సెంట్లు మూడూ కలిసేట్టు ఒకే లెక్క అన్ని కాగితాల్లో రాయండి.

సరే, అది దాత పట్టా భూమే అనుకుందాం, నువ్వు చెప్పిన తీరు చూస్తే నాకు అట్టానే అనిపిస్తోంది. అప్పుడు ఆ 1986 కాగితం విలువెంత? ఇక్కడ మొహమాటం లేకుండా చెప్పాలి. స్థిరాస్తి దానం ఇస్తే ఆస్తి బదిలీ చట్టం 123 సెక్షన్ ప్రకారం రిజిస్టర్డ్ డాక్యుమెంట్ ఉండాలి, దాత సంతకం, ఇద్దరు సాక్షులు ఉండాలి, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17 సెక్షన్ కూడా దానపత్రం రిజిస్టర్ తప్పనిసరి అనే చెప్తుంది. కాబట్టి ఆ స్టాంపు కాగితం వల్ల సంఘానికి టైటిల్ రాలేదు. దాత ముస్లిం అయ్యుంటే లెక్క వేరే, వాళ్ళ లాలో నోటిమాటగా ఇచ్చి స్వాధీనం చేసినా హిబా, అంటే దానం, చెల్లుతుంది, మన నెల్లూరు జిల్లాలో అట్టా ఇచ్చినవి కూడా ఉన్నాయి కాబట్టి చెప్తున్నా. మీ దాత విషయంలో అది వర్తించదు.

టైటిల్ రాలేదంటే ఆ కాగితం చింపేయమని కాదు. అది మీకు ప్రాణం లాంటిది. ముందు ఒరిజినల్ ఎవరింట్లో ఉందో చూసుకుని సంఘం తీర్మానంతో ఒకచోట భద్రం చేయండి, దయచేసి లామినేషన్ మాత్రం చేయించొద్దు, కోర్టులో స్టాంపు వెనకవైపు చూడాలి, సిరా చూడాలి, లామినేషన్ చేస్తే అవన్నీ పోతాయి. స్టాంపు తిరగేసి చూడు, వెండరు చేతిరాతతో తేదీ, కొన్నవాళ్ళ పేరు రాసి సంతకం పెట్టుంటాడు. ఆ తేదీ లోపల రాసిన తేదీ కన్నా ముందుదో అదేరోజుదో అయ్యుండాలి, తర్వాతదైతే ఆ కాగితం మీద ఇంక ఎవరూ నమ్మకం పెట్టరు. సాక్షుల్లో బతికున్నవాళ్ళు ఎవరో చూడు, రాసిన దస్తూరి ఎవరిదో చూడు.

ఆ తర్వాత లోపల ఏం రాశారో నిదానంగా చదువు, ఇక్కడే కేసు అటో ఇటో అవుతుంది. "ఈ దినం మొదలు సర్వహక్కులతో సంఘానికి దఖలు పరచి స్వాధీనం చేసినాను, నాకు గానీ నా వారసులకు గానీ ఇకమీదట ఎట్టి హక్కు లేదు" అనే రకంగా ఉంటే ఒక దారి. "సంఘం వారు ఆటలు ఆడుకొనుటకు, గది కట్టుకొని వాడుకొనుటకు సమ్మతించడమైనది" అని ఉంటే ఇంకో దారి. మొదటిది దానం, రిజిస్టర్ కాలేదు కాబట్టి చెల్లని దానం. రెండోది అనుమతి. అనుమతి మీద ఉన్నవాళ్ళు వందేళ్ళు ఉన్నా సొంతదారు కారు. చెల్లని దానం కింద సొంతం అనుకుని ఉన్నవాళ్ళ సంగతి అది కాదు. వాళ్ళు మొదటిరోజు నుంచి యజమానిగానే ఉన్నట్టు, బహిరంగంగా, అడ్డులేకుండా పన్నెండేళ్ళు దాటితే లిమిటేషన్ చట్టం 65 ఆర్టికల్, 27 సెక్షన్ ప్రకారం అసలు యజమాని హక్కు పోతుంది.

దీనికి ఒక పాత కేసు బాగా సరిపోతుంది. 1865లో బొంబాయి ప్రభుత్వం మార్కెట్ కట్టుకోమని తీర్మానం చేసి మున్సిపాలిటీకి స్థలం ఇచ్చింది, పద్ధతి ప్రకారం దస్తావేజు రాయలేదు. వాళ్ళు మార్కెట్ కట్టుకుని దశాబ్దాలు అనుభవించాక కలెక్టర్ వచ్చి శిస్తు కట్టమన్నాడు. 1951లో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే ఆ దానం చట్టప్రకారం చెల్లకపోయినా దాన్నే నమ్మి సొంత హక్కుగా అన్నేళ్ళు స్వాధీనంలో ఉన్నారు కాబట్టి వాళ్ళకి హక్కు ఏర్పడింది అని. ఇంకో మంచి మాట, ఇట్టా పన్నెండేళ్ళ అనుభవంతో వచ్చిన హక్కుని మన మీద దావా పడితే జవాబులో చెప్పుకోవడమే కాదు, మనమే దావా వేసి కూడా అడగొచ్చని 2019లో సుప్రీంకోర్టు రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసులో తేల్చింది.

అందుకే మనవళ్ళకి గానీ ఆఫీసర్లకి గానీ ఏ కాగితం రాసినా "మీ తాతగారి దయతో ఇన్నాళ్ళు వాడుకుంటున్నాం" అని మర్యాదకి కూడా రాయొద్దు. మన ఊళ్ళలో పెద్దమనుషుల మీద గౌరవంతో అట్టా రాసేస్తుంటారు, ఆ ఒక్క వాక్యం చూపించి ఇది అనుమతే అని తేల్చేస్తారు. గౌరవం మాటల్లో చూపించండి, కాగితంలో "1986లో మా సంఘానికి ఇచ్చిన స్థలం, అప్పటినుంచి మా స్వాధీనంలో ఉన్న స్థలం" అని మాత్రమే రాయండి.

ఆ కాగితం కోర్టులో పెట్టాలంటే ఇంకో చిక్కుంది. రిజిస్టర్ కాని కాగితాన్ని టైటిల్ కోసం చూడరు, స్వాధీనం ఏ రకంగా వచ్చిందో చూడటానికి రిజిస్ట్రేషన్ చట్టం 49 సెక్షన్ కింద చూస్తారు, కానీ స్టాంపు సరిపోకపోతే దానికి కూడా ఒప్పుకోరు, లోటు డ్యూటీ, దానిమీద పది రెట్ల దాకా పెనాల్టీ కట్టాలి. దావా వేసేరోజు తెలిసి కంగారుపడకుండా ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకోండి. ముప్పై ఏళ్ళు దాటిన కాగితం కాబట్టి సరైన చోట నుంచి తెచ్చి పెడితే సంతకాలు వాళ్ళవే అని కోర్టు అనుకోవడానికి వీలుంది, పాత ఎవిడెన్స్ చట్టం 90 సెక్షన్లో ఉండేది, 2024 జులై నుంచి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ ఉంది.

ఇంత చెప్పినా నా గట్టి అభిప్రాయం మాత్రం, దావా చివరి దారి. మొదటి దారి మనవళ్ళ దగ్గరికి పోయి కూర్చోవడం. వాళ్ళ తాత ఊరి పిల్లల కోసం ఇచ్చాడు, ఆ మాట వాళ్ళకీ తెలుసు. పెద్దమనుషుల్ని ఒకరిద్దర్ని పెట్టుకుని, గదికి తాత పేరు పెడతాం, శిలాఫలకం వేస్తాం, ఈ స్థలం ఎప్పటికీ అమ్మం, యువజన కార్యక్రమాలకి తప్ప వేరేదానికి వాడం అని బైలాలోనే రాస్తాం అని చెప్పండి. చాలాచోట్ల వారసులకి ఉండే అనుమానం కమిటీలో ఉన్నవాళ్ళు రేపు అమ్ముకుంటారేమో అనే. ఆ అనుమానం తీరిస్తే సంతకం పెట్టేవాళ్ళు ఉన్నారు, నేను చూశాను.

వాళ్ళు ఒప్పుకుంటే పాత కాగితాన్ని ధ్రువీకరిస్తున్నాం అని రాసిస్తే సరిపోదు, చెల్లని దానాన్ని ధ్రువీకరించినా చెల్లదు. వారసులందరూ కలిసి సంఘం పేరున కొత్తగా గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయాలి. అందరూ అంటే అందరూ, ఇంటి ఆడపిల్లల్ని మర్చిపోతారు మనోళ్ళు. దాత కూతుళ్ళకీ కొడుకులతో సమానంగా వాటా ఉంటుంది, కూతురు చనిపోయుంటే ఆమె పిల్లలకి ఉంటుంది. మగ మనవళ్ళు ఇద్దరూ సంతకం పెట్టారని సంబరపడి వస్తే, రేపు మేనత్త కొడుకు వచ్చి మా అమ్మ వాటా ఏదంటాడు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని పేర్లన్నీ సరిచూసుకోండి.

డీడ్ లో తీసుకునేవాళ్ళ పేరు దగ్గర "ఫలానా యువజన సంఘం, రిజిస్టర్ నంబర్ ఇంత, 2004, తరఫున ప్రస్తుత అధ్యక్షుడు" అని ఉండాలి, అధ్యక్షుడి పేరు ఒక్కటే ఉండకూడదు. కందుకూరు వైపు ఒక రీడింగ్ రూమ్ స్థలం ఇట్టానే పోయింది, అధ్యక్షుడు నిజాయితీపరుడే, ఊరి చందాలతో కొన్న స్థలం దస్తావేజులో తొందరలో ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు రాసి వదిలేశారు, సంఘం అనే మాటే లేదు. ఆయనున్నన్నాళ్ళు ఇబ్బంది లేదు. ఆయన పోయాక కొడుకులు పాస్‌బుక్ మార్పించుకుని అమ్మేశారు, పుస్తకాలు బీరువాలతో సహా బడి వరండాలోకి చేరాయి. ఎంత బాధపడ్డారో ఆ పిల్లలు. కాబట్టి రాసేవాడు ఎంత తొందరపెట్టినా ఆ లైను మీరు చదవకుండా సంతకం పెట్టొద్దు.

ఇంకా డీడ్ లో 1986లోనే స్వాధీనం చేశాం అనే మాట, సంఘం దానాన్ని అంగీకరించిన మాట, నాలుగు హద్దులు, స్కెచ్, ఇద్దరు సాక్షులు ఉండాలి. సంఘం తరఫున ఎవరు సంతకం పెట్టాలో కమిటీ తీర్మానం, సంఘం పాన్ కార్డు దగ్గర పెట్టుకోండి. స్టాంపు డ్యూటీ కుటుంబసభ్యులకి ఇచ్చే తక్కువ రేటు మీకు రాదు, మార్కెట్ వాల్యూ మీద పడుతుంది, చందా మొదలుపెట్టేటప్పుడే ఆ లెక్క చూసుకోండి. చలానా కట్టేముందు రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో ఆ సర్వే నంబర్ నిషేధిత జాబితాలో ఉందేమో చూడు. 22ఏ అంటారే, అందులో ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములే కాకుండా స్థానిక సంస్థలకి ఆసక్తి ఉన్న ఆస్తులు కూడా చేరుస్తారు. పంచాయతీ వాళ్ళు ఎప్పుడన్నా చేర్పించి ఉంటే రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది, అప్పుడు ముందు కలెక్టరుకి అర్జీ పెట్టి తీయించాలి.

పంచాయతీ సంగతి. ఆస్తుల రిజిస్టర్లో మీ గది రాసుకున్నంత మాత్రాన పట్టా భూమి పంచాయతీది అయిపోదు, దాత గానీ వారసులు గానీ పంచాయతీకి రిజిస్టర్ చేసి ఇచ్చారా అన్నది ఈసీలో తేలిపోతుంది. సమాచార హక్కు కింద ఆ రిజిస్టర్ పేజీ నకలు, ఏ తీర్మానంతో ఎక్కించారో ఆ తీర్మానం నకలు అడగండి. గది రిపేరుకి పంచాయతీ నిధులు ఏమన్నా వాడి ఉంటే అది కూడా బయటికి వస్తుంది, దాచిపెట్టి లాభం లేదు, నిధులు పెట్టినా భూమి హక్కు మారదు.

ఒకవేళ ఆర్‌ఎస్‌ఆర్ లో అది పోరంబోకు అని తేలితే మాత్రం కథ మొత్తం మారిపోతుంది. అప్పుడు దాత ఇచ్చిందే తనది కానిది. కళ్ళం దొడ్డి, పశువుల మేత భూమి, బండ్ల బాట లాంటివి పంచాయతీ ఆధీనంలో ఉంటాయి, ప్రభుత్వం మీద పన్నెండేళ్ళు చాలదు, ముప్పై ఏళ్ళు కావాలి, అయినా ఊరుమ్మడి భూముల విషయంలో కోర్టులు ఒప్పుకోవు, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆక్రమణలన్నీ తీయించమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. అట్టాంటప్పుడు సొంతం కావాలని పంతం పట్టొద్దు తమ్ముడూ. పంచాయతీ తీర్మానంతో, పైఅధికారుల అనుమతితో వాడుకునే హక్కు రాతపూర్వకంగా తీసుకోండి, పిల్లలకి ఆటస్థలం మిగలడం ముఖ్యం. ప్రభుత్వ భూమి నిజంగా సంఘానికి కేటాయించాలంటే 2012లో వచ్చిన భూ కేటాయింపు విధానం జీవో 571 ప్రకారం తహశీల్దార్ నుంచి పైకి ఫైలు పోవాలి, పంచాయతీ తీర్మానం ఒక్కటీ దానికి చాలదు. చెరువు, వాగు పోరంబోకు అయితే ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దు. గ్రామకంఠం అయితే మళ్ళీ మీకు బలం ఎక్కువ, అక్కడ ఇళ్ళు, దొడ్లు ఎవరి అనుభవంలో ఉంటే వాళ్ళవే అన్నట్టు ఎప్పటినుంచో నడుస్తోంది, సంఘం పేరు మీద ఇంటిపన్ను రసీదు, కరెంటు మీటరు ఉంటే గట్టి ఆధారం.

మీ ఊళ్ళో రీసర్వే అయిందా లేదా? అయ్యుంటే ఎల్‌పీఎం నంబరు, అంటే రీసర్వేలో ఆ స్థలానికి ఇచ్చే కొత్త నంబరు, ఏ పేరు మీద వచ్చిందో వెంటనే చూడు, సంఘం పేరు లేకపోతే సర్వే, హద్దుల చట్టం ప్రకారం నోటిఫికేషన్ వచ్చిన మూడేళ్ళ లోపు సివిల్ కోర్టుకి పోవాలి, ఆ గడువు దాటితే హద్దుల మీద మాట్లాడటం కష్టం. ఇంకా కాకపోయుంటే సర్వే టీము వచ్చినరోజు సంఘం వాళ్ళు పొలిమేరలో కాదు, ఆ స్థలంలోనే కాగితాలు పట్టుకుని నిలబడాలి.

మనవళ్ళు ఒప్పుకోకపోతే, లేదా అమ్మడానికి బేరం పెడితే, అప్పుడు కోర్టు. సబ్ రిజిస్ట్రార్ కి అర్జీ ఇచ్చి రిజిస్ట్రేషన్ ఆపమని తిరుగుతుంటారు చాలామంది, కోర్టు ఆర్డరు లేకుండా ఒట్టి అర్జీ మీద ఆయన ఆపలేడు, ఆ తిరుగుడు దండగ. సోమవారం గ్రీవెన్స్ లో పెట్టిన అర్జీ కూడా రికార్డు నకళ్ళు తెప్పించుకోవడానికి పనికొస్తుంది గానీ టైటిల్ తేల్చదు. తహశీల్దార్ గానీ ఆర్డీవో గానీ రికార్డులో పేరు మారుస్తారు, ఎవరిది సొంతం అన్నది తేల్చేది సివిల్ కోర్టే. అక్కడ కూడా అడ్డు రావొద్దని ఆపే ఉత్తర్వు (ఇంజంక్షన్) ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. టైటిల్ మీదే గొడవ ఉన్నప్పుడు డిక్లరేషన్, అంటే హక్కు మాదేనని కోర్టు ప్రకటన, కూడా అడగాలని 2008లో అనాతుల సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది, అది మన తెలుగు ప్రాంతం నుంచి పోయిన కేసే. పంచాయతీని, ప్రభుత్వాన్ని పార్టీ చేస్తే ముందు నోటీసు ఇవ్వాలి, ప్రభుత్వానికైతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80 సెక్షన్ కింద రెండు నెలలు. దావా పడ్డాక ఎవరు కొన్నా కోర్టు తీర్పుకి కట్టుబడాల్సిందే. దావాకి ముందు కావలి కోర్టులో ఉన్న న్యాయ సేవా కమిటీలో ఒక పిటిషన్ పెట్టి లోక్ అదాలత్ కి పిలిపించండి, ఫీజు లేదు, జడ్జి ముందు కూర్చుంటే మాట మెత్తబడేవాళ్ళు ఉంటారు. అక్కడ రాజీ కుదిరినా గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయించుకోవడం మాత్రం మానొద్దు.

స్వాధీనానికి ఆధారాలు ఇప్పటినుంచే పోగేయండి. చందా పుస్తకాలు, సిమెంటు ఇటుకల బిల్లులు, పేపరు బిల్లులు, రక్తదానం క్యాంపు ఫోటోలు, టోర్నమెంటు కరపత్రాలు, కరెంటు బిల్లులు, ఏవి ఉంటే అవి, తేదీ కనపడేవి ముఖ్యం. 2004కి ముందు సంఘంలో ఉన్న పెద్దవాళ్ళు అప్పటి సంఘం స్థలం, గది, సామాను అన్నీ రిజిస్టర్ అయిన సంఘానికి అప్పగించామని తీర్మానం ఉందేమో మినిట్స్ లో వెతుకు. లేకపోతే పాత తేదీ వేసి కొత్తగా సృష్టించొద్దు, అది నేరం, కేసు మొత్తం పోతుంది. ఈరోజు తేదీతోనే బతికున్న పాత సభ్యులు జరిగింది జరిగినట్టు అఫిడవిట్ ఇస్తే చాలు. వాళ్ళకి వయసైపోతోంది, దీన్ని మాత్రం వాయిదా వేయొద్దు.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటి మిగిలింది. 2004 తర్వాత కమిటీ లిస్టు రిజిస్ట్రారుకి పంపలేదని నువ్వే రాశావు. ఏటా జనరల్ బాడీ పెట్టుకుని కమిటీ లిస్టు, లెక్కలు ఇవ్వాలి, ఇవ్వకపోతే రేపు కోర్టులో నువ్వు ఏ హోదాలో వచ్చావు అని మొదటి ప్రశ్న అదే అడుగుతారు. ఊళ్ళో రెండో గుంపు లేచి మేమే అసలు సంఘం అని వేరే లిస్టు పెడితే ఇంకా తలనొప్పి, 2001 సొసైటీల చట్టం 23 సెక్షన్ కింద జిల్లా కోర్టుకి పోవాలి. కాబట్టి అందరికీ నోటీసు ఇచ్చి జనరల్ బాడీ పెట్టండి, పాత సభ్యుల్ని, ఆడపిల్లల్ని కూడా పిలవండి, కమిటీని ఎన్నుకుని, స్థలం విషయంలో అధ్యక్షుడికి అధికారం ఇస్తూ తీర్మానం రాసి, బాకీ పడ్డ సంవత్సరాల లిస్టులతో నెల్లూరు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇవ్వండి, ఆలస్యానికి ఫీజు ఏమన్నా వేస్తే కట్టేయండి.

అది పూర్తయ్యాక ఆర్‌ఎస్‌ఆర్ నకల్లో ఆ సర్వే నంబర్ ఎదురుగా ఏం రాసుందో, 1986 కాగితంలో స్వాధీనం గురించిన వాక్యం ఉన్నదున్నట్టుగా ఇక్కడ రాయి, పేర్లు, నంబర్లు తీసేసి. దాన్ని బట్టి గిఫ్ట్ డీడ్ డ్రాఫ్ట్ ఎట్టా ఉండాలో నేను రాసి పెడతా.